పెరుగు దాకా ఎవరూ లేవకూడదు

ఆషాఢం వస్తే మౌలాలి గారి గోడౌనులో కాలు పెట్టే చోటు ఉండదు. ఏడాది పొడుగునా ఊళ్ల మీద తిరిగే షామియానాలు, పరుపులు, తివాచీలు, హారన్లు, ఆంప్లిఫయర్లు, జనరేటరు అన్నీ ఇంటికి చేరతాయి. ముహూర్తాలు లేని నెల కదా. ఏలూరు కాలవ గట్టు మీద ఉన్న ఆ గోడౌనులో గుడ్డల మూటలు దూలాల దాకా పేర్చేస్తారు. లోపలికెళ్లి తలుపేసుకుంటే రోడ్డు మీద లారీ మోత కూడా ఎక్కడో దెందులూరు దగ్గర వెళ్తున్నట్టు వినిపిస్తుంది.

ఆ గోడౌను పక్క గదే జోగారావు గారి డీటీపీ సెంటరు. నేను అందులో పనిచేసేదాన్ని. మాది కలిదిండి దగ్గర పల్లె. ఊళ్లో బడి చదువు అయ్యాక కంప్యూటరు నేర్చుకుని, ఏలూరులో పిన్ని ఇంట్లో ఉంటూ శుభలేఖలు తయారుచేసేదాన్ని. ఆషాఢం మొదట్లో ఆ పనీ పలచబడుతుంది. ప్రభుత్వం కొల్లేరులో చేపల చెరువుల గట్లు తవ్వేసిన మరుసటి ఏడు అది.

ఒక మధ్యాహ్నం గోడ అవతలి నుంచి గరగరమని పెద్ద శబ్దం వచ్చింది. రేకు మీద గునపం ఈడ్చినట్టుంది. వెంటనే మౌలాలి గారి కేక.

"ఒరేయ్ ఆపరా! ఆంప్లిఫయరు చచ్చిపోతోంది!"

పరుగెత్తి వెళ్లి చూశాను. షామియానా మూటల మధ్య వాళ్లబ్బాయి షాకిర్ గిటారు పట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా మౌలాలి గారు ఆంప్లిఫయరు మీద చెయ్యి వేసి, జ్వరం చూస్తున్నట్టు ఉన్నారు.

"చావడం లేదబ్బా, పాడుతోంది," అన్నాడు షాకిర్. "నాకు కావలసింది ఈ గరగరే. రాక్ పాటంటే ఇదే ఉండాలి."

"జీవితమంతా ఈ గరగర రాకుండా కాపాడుకుంటూ వచ్చానురా. పెళ్లివారి చేత మాట పడకుండా తప్పించుకున్నాను. ఇప్పుడు నువ్వు కోరి తెప్పిస్తున్నావా?" ఆయన నా వైపు తిరిగారు. "చూశావా ఇందుజమ్మా, దొంగని పిలిచి పీట వేస్తున్నాడు."

షాకిర్ అంతకుముందు తాడేపల్లిగూడెంలో హేమంత్‌కుమార్ గారి ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాడు. పెళ్లిళ్లలో, తీర్థాలలో సినిమా పాటలు. ఆర్కెస్ట్రా వాళ్లందరికీ ఎర్ర బ్లేజర్లు. మే నెల ఎండలో కూడా తీయకూడదు. పెళ్లిళ్ల సీజను అయిపోగానే అతను ఆ బ్లేజరు విప్పి హేమంత్‌కుమార్ గారి చేతికిచ్చి, సొంత పాటలతో సోలో ఆల్బమ్ చేస్తానని చెప్పి వచ్చేశాడు. పాటలు రాసి పెట్టుకున్నాడు, బాణీలు కట్టుకున్నాడు. లేనిదల్లా స్టూడియో. ఆషాఢంలో ఈ గోడౌనును మించిన స్టూడియో జిల్లాలో లేదని అతని నమ్మకం. రికార్డు చేసే కంప్యూటరు మా డీటీపీ సెంటరులో ఉంది, సీడీలు రాసే మిషను కూడా దానికే ఉంది. జోగారావు గారు సరేనన్నారు. అలా నేను ఆ పనిలోకి వచ్చాను. గోడకి ఒక కన్నం చేసి వైర్లు ఇవతలికి లాగాం. నా పని బటన్ నొక్కడం, చెవులు పెట్టడం.

మౌలాలి గారు ఒప్పుకున్నది మాత్రం ఒక షరతు మీద. ఆ షరతు పెట్టిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. షాకిర్ వాళ్లమ్మ సఫియా గారు అందరికీ టీ ఇస్తున్నారు.

"పాట మంచిదో కాదో చెప్పడానికి నాకు సంగీతం రాదురా," అన్నారు మౌలాలి గారు. "కానీ భోజనాల బంతి దగ్గర నిలబడితే నాకు తెలిసిపోతుంది. పాట కుదిరిందా, జనం రెండోసారి పెరుగు అడుగుతారు. కుదరలేదా, చారులోనే చెయ్యి కడిగేసుకుంటారు. శ్రావణంలో మనకి మొదటి పెళ్లి కలిదిండిలో, గంగరాజు గారమ్మాయిది. మొదటి బంతికి నీ సీడీయే వేస్తాను. పెరుగు పడేదాకా ఒక్కరు కూడా మధ్యలో లేవకూడదు. లేచారా, నువ్వు మర్యాదగా హేమంత్ దగ్గరికెళ్లి బ్లేజరు తొడుక్కోవాలి. లేవలేదా, నీ పాట నీది. బ్లేజరు మాట మళ్లీ నేనెత్తను."

సఫియా గారు నవ్వారు. "కలిదిండోళ్ల పెళ్లి భోజనం మధ్యలో ఎవరు లేస్తారండీ?"

"అదీ చూద్దాం."

షాకిర్ ముఖం వెలిగిపోయింది. మా వైపు బంతి మధ్యలో లేవడమంటే పెళ్లివారిని అవమానించినట్టే. పక్కవాడు తినడం పూర్తి కాకపోతే ఖాళీ విస్తరి ముందు కూర్చుని ఎదురు చూస్తారు గాని లేవరు. "ఇది గెలిచినట్టే ఇందుజ గారూ," అని నాతో మెల్లగా అన్నాడు. గంగరాజు గారు మా పెదనాన్నే. ఆయన పెట్టే భోజనం సంగతి నాకు తెలుసు. నేనూ గెలిచినట్టే అనుకున్నాను.

పాట రికార్డు చేసే ముందు ప్రతిసారీ మౌలాలి గారు మైకు పట్టుకుని, "హలో, హలో, మైక్ టెస్టింగ్," అనేవారు. వద్దన్నా ఆగేవారు కాదు. ఆయన గొంతు వినకుండా మైకు పనిచేస్తుందంటే ఆయన నమ్మరు. ప్రతి పాట మొదట్లోనూ ఆ మాటలు కత్తిరించడం నా పని. ఒక పాటలో మాత్రం షాకిర్ ఉంచేయమన్నాడు.

ఎకో దగ్గర ఇద్దరికీ పడేది కాదు.

"కొంచెం ఎకో తగిలించరా. ఎకో లేని గొంతు లుంగీ కట్టుకోకుండా వీధిలోకొచ్చినట్టుంది."

"నా గొంతు నా గొంతులా ఉండాలబ్బా."

"అదే కదా నా భయం."

అన్నిటికంటే నాకు నచ్చింది ఆయన పాట వినే పద్ధతి. హెడ్‌ఫోను ఇస్తే చెవిలో చీమ దూరినట్టుందని తీసేశారు. గోడౌను కప్పు మీద ఒక హారను కట్టించి, తాను వంతెన దాటి కాలవ అవతలి గట్టు మీద టీ కొట్టు దగ్గర నిలబడేవారు. నేను పాట వేసేదాన్ని. షాకిర్ గుమ్మంలో నిలబడి అవతలి గట్టు చూసేవాడు. మౌలాలి గారు తువాలు పైకెత్తితే గొంతు పెంచాలి. పక్కకి ఊపితే గిటారు తగ్గించాలి. కిందికి గుంజితే బేస్ పెంచాలి. తువాలు భుజం మీద వేసుకుని టీ తాగడం మొదలుపెడితే పాట కుదిరినట్టు. టీ కొట్టు వాళ్లు కూడా నెమ్మదిగా సలహాలివ్వడం మొదలుపెట్టారు. ఒకరోజు అక్కడ మూడు తువాళ్లు ఎగిరాయి. దేన్ని నమ్మాలో తెలియక షాకిర్ తల పట్టుకున్నాడు.

రైల్వే గేటు దగ్గర ఆగిపోయిన వాళ్ల మీద ఒక పాట, పెదవేగి పామాయిల్ తోటల్లో దారి తప్పిన ట్రాక్టరు మీద ఒకటి, వాళ్లమ్మ కుట్టు మిషను మీద ఒకటి. ఒక్కొక్కటే పూర్తవుతూ వచ్చాయి. మిగిలింది అన్నిటికంటే పెద్ద పాట, ముక్కు కింది సంచితో చేపలు పట్టే గూడబాతు మీద పాట. అతను చిన్నప్పుడు వాళ్ల నాన్నతో కలిసి కొల్లేరు వైపు పెళ్లికి వచ్చి, చెరువు గట్టున పడుకుని రాశాడట.

*ఓ గూడబాతూ, నీ సంచిలో ఏముంది?*
*మా చెరువులో చేప ఉందా, మా కళ్లలో నిద్ర ఉందా?*
*చేపైతే మింగు, నిద్రైతే ఇచ్చెయ్,*
*తెల్లారేదాకా నేను కాపలా ఉన్నా.*

ఆ పాటకి డ్రమ్స్ కావాలి. కంప్యూటరులో ఉన్న డ్రమ్స్ పెడితే డబ్బాలో గోళీలు వేసి ఊపినట్టుంది. షాకిర్ మొహమాటం చంపుకుని హేమంత్‌కుమార్ గారికి ఫోను చేశాడు. ఫోను స్పీకరులో పెట్టడం వల్ల అందరం విన్నాం.

"సోలో అన్నావు కదా తమ్ముడూ," అన్నారు ఆయన నవ్వుతూ. "సోలోగానే కొట్టుకో. డ్రమ్స్ ఆర్కెస్ట్రావి. నువ్వు ఆర్కెస్ట్రావాడివైతే డ్రమ్స్ నీవే. నీ బ్లేజరు ఉతికించి ఇస్త్రీ చేయించాను. గంగరాజు గారి పెళ్లికి సాయంత్రం ప్రోగ్రాం మనదే. వెంట తెస్తున్నాను."

ఫోను పెట్టేశాక షాకిర్ చాలాసేపు గిటారు ముట్టుకోలేదు. పరుపుల మీద వెల్లకిలా పడుకుని దూలాలు చూస్తున్నాడు. నాకు మాట్లాడే అలవాటు తక్కువ. అయినా ఆ రోజు నోరు విప్పాను.

"మా పెదనాన్న చేపల చెరువు మీద కృపావరం అని ఒకావిడ పిట్టల కాపలా ఉంటుందండీ. ఒకసారి ఆవిడ కొట్టేది వినండి."

మరునాడే బయల్దేరాం. కంప్యూటరును పరుపులో చుట్టి ట్రాలీ ఆటోలో పడుకోబెట్టాం. దాని పక్కన జనరేటరు. మౌలాలి గారు ముందు సీట్లో, షాకిర్ వెనక గిటారుతో. నేనూ సఫియా గారూ బస్సులో వెళ్లాం. "సోలో అంటే ఒక్కడే అన్నాడు," అన్నారు సఫియా గారు టిక్కెట్లు తీసుకుంటూ. "ఇప్పటికి నలుగురం తిరుగుతున్నాం. ఇంకా ఎంతమంది అవుతామో."

కలిదిండి దాటితే రెండు వైపులా చెరువులే. వాన వెలిసి నీళ్లన్నీ ఇత్తడి పళ్లాల్లా ఉన్నాయి. కృపావరం గట్టు మీద కట్టిన గుడిసెలో ఉంటుంది. చెరువు చుట్టూ కర్రలు పాతి, వాటికి రాళ్లు వేసిన రేకు డబ్బాలు వేలాడదీసి, అన్నిటినీ తాళ్లతో గుడిసెలోకి లాగి పెట్టుకుంది. ఎడమ చేతికొక తాడు, కుడి కాలి బొటనవేలికొకటి, ఎడమ కాలికొకటి. కుడి చేతిలో కర్ర, ముందర బోర్లించిన నూనె డ్రమ్ము. షాకిర్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అబ్బా, ఇది డ్రమ్ సెట్టే!"

"సెట్టు కాదు బాబూ, డబ్బాలు," అంది కృపావరం. "ఏ దెబ్బ కావాలి?"

"ఎన్ని రకాలున్నాయి అత్తా?"

ఆవిడ నీటికాకికి ఒకటి కొట్టి చూపించింది, కొంగకి ఒకటి. ఆ తర్వాత కాస్త ఆగి, "గూడబాతుల గుంపు దిగితే మట్టుకు ఇంకోటండీ," అంది. "అది ఊరికే కొట్టకూడదు. అది వింటే చుట్టుపక్కల చెరువుల వాళ్లంతా కర్రలు పట్టుకుని వచ్చేస్తారు. గుంపు ఒక చెరువు మీద లేస్తే పక్క చెరువు మీద దిగుద్ది కదా, అందుకని."

"అదే కావాలి."

"మరి చిన్నగా కొడతాను. మీ మైకు దగ్గర పెట్టుకోండి."

మైకులు డబ్బాల దగ్గరికి చేర్చడానికి మౌలాలి గారి దగ్గర ఉన్నంత పొడుగు వైర్లు ఎవరి దగ్గరా ఉండవు. జనరేటరు మోత వినపడకుండా దాన్ని అవతలి గట్టు మీద పెట్టించారు. ఆయన యథాప్రకారం "హలో, మైక్ టెస్టింగ్" అనగానే గుడిసె మీది కాకి లేచిపోయింది. కృపావరం మొదలుపెట్టింది. రెండు బరువు దెబ్బలు, వెంటనే నాలుగు చేతులున్నట్టు చిన్న దెబ్బల వర్షం, ఒక్క క్షణం ఖాళీ, మళ్లీ బరువు దెబ్బ. ఆ ఖాళీ దగ్గర ఊపిరి దానంతట అదే ఆగుతుంది. షాకిర్ గిటారు ఆ ఖాళీలోకి దూకింది. ఆవిడ అతని వైపు చూడలేదు. నీళ్ల వైపే చూస్తూ కొట్టింది. పాట అయిపోయాక మౌలాలి గారు తువాలు భుజం మీద వేసుకున్నారు.

"సీడీ మీద నీ పేరు వేస్తాం అత్తా," అన్నాడు షాకిర్.

"పేరైతే వెయ్యండి. ఫోటో వద్దు. నాది ఫోటో ముఖం కాదు."

అట్ట మీద హారను బొమ్మ వేసి, హారను మీద గూడబాతును కూర్చోబెట్టాను. లోపల కృపావరం పేరు గిటారు పేరంత పెద్దగానే వేశాను.

ఆషాఢం చివర హేమంత్‌కుమార్ గారు తాడేపల్లిగూడెం నుంచి తన వ్యానులో వచ్చారు. ఆల్బమ్ వినాలని ఆయనకీ ఉంది, పైకి చెప్పరు. వ్యానులో పెద్ద స్పీకర్లున్నాయి. షాకిర్ గర్వంగా సీడీ పెట్టాడు. మొదటి దెబ్బకే వ్యాను తలుపులు వణికాయి. పక్కన సోడా బండి మీద గోళీ సోడాలన్నీ కలిసి మోగాయి. డీటీపీ సెంటరు షట్టరు దానంతట అదే కాస్త కిందికి జారింది. సఫియా గారు చేతిలో గరిటెతో బయటికొచ్చి, "భూకంపమా?" అన్నారు.

హేమంత్‌కుమార్ గారు స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వారు. "పాట విందామంటే పళ్లు ఊడేలా ఉన్నాయి తమ్ముడూ!"

జరిగింది అప్పుడర్థమైంది. హారనులో బేస్ వినపడదు. మౌలాలి గారు అవతలి గట్టు నుంచి తువాలు కిందికి గుంజినప్పుడల్లా నేను పెంచుకుంటూ పోయాను. మైక్‌సెట్ వాళ్లు తప్ప భూమ్మీద ఎవరూ ఆల్బమును హారనులో విని తయారుచేయరు. షాకిర్ ముఖం చిన్నబోయింది. మౌలాలి గారు మాత్రం చలించలేదు.

"ఇందులో తప్పేముందిరా? వ్యానులో వినేవాళ్లకి ఒకటి చెయ్యండి. ఊరంతటికీ ఒకటి ఉంచండి. పెళ్లికి నేను వేసేది ఊరంతటికీ చేసిందే."

రెండు రకాలుగా సీడీలు రాశాను. వెళ్లేటప్పుడు హేమంత్‌కుమార్ గారు వ్యాను వెనక తలుపు తీసి, కవరులో వేలాడుతున్న ఎర్ర బ్లేజరు చూపించారు. "కలిదిండిలో కలుద్దాం," అన్నారు. ఆయన గొంతులో వెటకారం లేదు. నిజంగానే షాకిర్ తిరిగి రావాలని ఆయన కోరిక. అది మరీ ఇబ్బంది పెట్టింది మమ్మల్ని.

శ్రావణం వచ్చింది. గోడౌను ఖాళీ అయింది. మా స్టూడియో గోడలన్నీ కలిదిండి వెళ్లి పెదనాన్న ఇంటి ముందు షామియానాలయ్యాయి. ముహూర్తం పొద్దున్నే. పెళ్లికూతురి పక్కన ఉండాల్సిన నేను తాళి కట్టడం అవగానే మైక్‌సెట్ దగ్గరికి వచ్చేశాను. హారన్లు నాలుగు దిక్కులకీ నాలుగు కొబ్బరి చెట్లకి కట్టి ఉన్నాయి.

మొదటి బంతి వేశారు. పెదనాన్న చెరువుల వాళ్లందరినీ అందులోనే కూర్చోబెట్టారు. కాపలా వాళ్లు, మేత వేసేవాళ్లు, పక్క చెరువుల యజమానులు. అందరికీ మళ్లీ మధ్యాహ్నం పని ఉంటుంది కదా. కృపావరం కొత్త చీర కట్టుకుని ఒక చివర కూర్చుంది. ఆవిడ బదులు ఆ పూట మేనల్లుడు గట్టు మీద ఉన్నాడు.

మౌలాలి గారు సీడీ పెట్టారు. "హలో, హలో, మైక్ టెస్టింగ్," అని ఆయన గొంతే హారన్లలోంచి వచ్చింది. బంతిలో ఎవరో, "ఇంకా టెస్టింగేనా మౌలాలి గారూ, బూరెలు కూడా వచ్చేశాయి!" అన్నారు. అది షాకిర్ ఉంచేయమన్న పాట మొదలు. జనం నవ్వుతూనే విన్నారు. కుట్టు మిషను పాటకి ఒకావిడ తల ఊపింది. ట్రాక్టరు పాటకి కుర్రాళ్లు విస్తళ్ల మీద వేళ్లతో తాళం వేశారు. గుత్తొంకాయ వచ్చింది, పులిహోర వచ్చింది. షాకిర్ కొబ్బరి చెట్టుకి ఆనుకుని గోళ్లు కొరుకుతున్నాడు. హేమంత్‌కుమార్ గారు వ్యాను దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. సాంబారు వడ్డన అయింది. పెరుగు గంగాళం వంటశాల గుమ్మం దాకా వచ్చింది.

అప్పుడు గూడబాతు పాట మొదలైంది.

కృపావరం చిన్నగా కొట్టిన దెబ్బలు నాలుగు హారన్లలోంచి నాలుగు దిక్కులకీ వెళ్లాయి. రెండు బరువు దెబ్బలు, చిన్న దెబ్బల వర్షం, ఖాళీ.

ఆ ఖాళీలో బంతి మొత్తం లేచింది.

"గుంపు దిగింది రోయ్!" అని ఎవరో అరిచారు. సాంబారు చేతులతోనే పరుగు. పంచెలు ఎగగట్టినవాళ్లు, చెప్పులు వదిలేసినవాళ్లు, షామియానా కర్ర ఊడబెరికి పట్టుకున్నవాడొకడు. "ఏ చెరువురా?" "ఉత్తరపు గట్టు!" "కాదు, రోడ్డు వైపు!" నాలుగు హారన్లు కదా, నాలుగు వైపులా పరుగెత్తారు. పెదనాన్న పట్టుపంచెతోనే అందరికంటే ముందున్నారు. పెరుగు గంగాళం మోస్తున్న ఇద్దరూ దాన్ని నేల మీద పెట్టేసి వాళ్లూ వెళ్లిపోయారు.

క్షణంలో షామియానా కింద వరసగా విస్తళ్లు, వాటిలో సగం తిన్న బూరెలు తప్ప ఏమీ మిగల్లేదు. పాట మాత్రం సాగుతోంది. షాకిర్ కొబ్బరి చెట్టు మొదట్లో కూలబడ్డాడు.

"లేచారు," అన్నాడు. "అంతా లేచారబ్బా."

మౌలాలి గారు బంతి చివరకు చూస్తున్నారు. అక్కడ కృపావరం ఒక్కతే కూర్చుని, తొందర లేకుండా బూరె తుంచి నెయ్యిలో అద్దుకుంటోంది. నేను దగ్గరికి వెళ్లాను.

"నువ్వు పరుగెత్తలేదేం?"

"భలేవారే అమ్మాయి గారూ. నేను ఇక్కడుంటే అక్కడ ఆ దెబ్బ కొట్టేదెవరు? అది నాకొక్కదానికే తెలుసు. మావాడికింకా చేతకాదు." ఆవిడ హారను వైపు చూసింది. "బాగానే కొట్టాను గానీ, చివర్లో కొంచెం తొందరపడ్డాను."

ముందుగా తిరిగొచ్చింది పెదనాన్నే. పట్టుపంచెకి మోకాళ్ల దాకా బురద. ఆయన వెనక ఒక్కొక్కరే, రొప్పుతూ, ఒకరినొకరు తోసుకుంటూ. ఆయన మౌలాలి గారి ముందు నిలబడ్డారు.

"ఏవండీ మౌలాలి గారూ. ఇది మీ హారనులోంచి వచ్చిందా?"

"అవునండీ. మావాడి పాటండీ. దెబ్బ మీ కృపావరానిదండీ."

పెదనాన్న కాసేపు ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత ఆయన బొజ్జ కదలడం మొదలైంది. నవ్వు గొంతు దాకా రావడానికి కొంచెం సమయం పట్టింది.

"చెరువు మీద ఒక్క పిట్ట లేదండీ! ఒక్కటంటే ఒక్కటి! మేం వెళ్లేసరికి నీటికాకులు కూడా కైకలూరు దారి పట్టాయి! మేమే కాదు, అవి కూడా నమ్మాయి!"

బంతి బంతంతా నవ్వింది. షామియానా కర్ర తెచ్చినవాడు దాన్ని ఎక్కడ పాతాలో తెలియక అలాగే పట్టుకుని నవ్వుతున్నాడు. లేచిన విస్తట్లో మళ్లీ కూర్చోవడం మా వైపు లేదు. పెద్దమ్మ విజయకుమారి నడుముకి కొంగు చుట్టి, "ఏం చూస్తున్నారర్రా, ఆ విస్తళ్లు తీసి కొత్తవి వెయ్యండి," అంది. వంటవాళ్లు సణిగారు. మళ్లీ బూరెల నుంచి వడ్డించాలి మరి.

"ఆ పాట కూడా మొదటి నుంచి వెయ్యండి మౌలాలి గారూ," అని ఎవరో అరిచారు. "ఈసారి కూర్చునే వింటాం!"

వేశారు. దెబ్బలు పడగానే అందరి మోకాళ్లూ కొంచెం కదిలాయి. ఒకతను సగం లేచి, పక్కవాడు పంచె పట్టి లాగితే కూర్చున్నాడు. ఇప్పుడు మాటలు వినే తీరిక దొరికింది వాళ్లకి. "చేపైతే మింగు, నిద్రైతే ఇచ్చెయ్" అన్న చోట కాపలా వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక ముసలాయన చేతిలో ముద్ద పట్టుకుని అలాగే ఉండిపోయాడు. పాట అయ్యాకే నోట్లో పెట్టుకున్నాడు.

పెరుగు వచ్చింది. రెండోసారి అడిగారు. గంగాళం గీకి వేశారు.

షాకిర్ ఇంకా చెట్టు కిందే ఉన్నాడు. మౌలాలి గారు వెళ్లి ముందు నిలబడ్డారు.

"బంతి మధ్యలో లేవకూడదన్నాను. లేచారు. మాటంటే మాటే."

"అవునబ్బా."

"కానీ లేచినవాళ్లు మళ్లీ కొత్త విస్తరి వేయించుకుని, మొదటి నుంచి తిని, అదే పాట వింటూ పెరుగు రెండోసారి అడగడం నేనింతవరకూ చూడలేదు. దీనికి నా దగ్గర షరతు లేదురా."

హేమంత్‌కుమార్ గారు అప్పటికే అక్కడికి వచ్చి ఉన్నారు. చేతిలో కవరు లేదు. బ్లేజరు వ్యానులోనే వదిలేశారు.

"తమ్ముడూ, సాయంత్రం ప్రోగ్రాంలో ఆ పాట పాడతావా? నీ చొక్కాతోనే పాడు. డ్రమ్స్ ఇస్తాను."

షాకిర్ లేచి ప్యాంటుకి అంటిన మట్టి దులుపుకున్నాడు. "డ్రమ్స్ వద్దండీ. డబ్బాలు తెప్పిస్తే చాలు."

పెదనాన్న ఆ సీడీ తనకొకటి కావాలన్నారు, రోజూ పొద్దున్నే చెరువు మీద వేస్తారట. మిగతా చెరువుల వాళ్లు వద్దేవద్దన్నారు. అలా వేస్తే ఎప్పుడు నిజంగా గుంపు దిగిందో తమకెలా తెలుస్తుందని వాదన. ఆ వాదన ఇప్పటికీ తేలలేదు.

ఈలోగా మౌలాలి గారు మైకు అందుకున్నారు. పెళ్లిళ్లలో ఎన్ని ఆర్కెస్ట్రాల పేర్లు చదివారో ఆయన. తప్పిపోయిన పిల్లలని, పోయిన తాళంచెవులని ఎన్నిసార్లు పిలిచారో. కొడుకు పేరు మాత్రం మైకులో ఎప్పుడూ చెప్పలేదు. గొంతు సవరించుకున్నారు.

"హలో, హలో. పెళ్లివారికీ బంధుమిత్రులకీ విజ్ఞప్తి. ఇప్పుడు మీరు విన్న పాట రాసి, పాడినవారు షాకిర్, ఏలూరు. డబ్బాలు, కృపావరం, గంగరాజు గారి చెరువు. రికార్డింగు, ఇందుజ, మీ ఊరమ్మాయే. ఇది సోలో ఆల్బమ్." అక్కడ ఆయన కొంచెం ఆగారు. ఆ తర్వాత ఏం చెప్పాలో తోచక అలవాటైన మాటలే వచ్చేశాయి. "పై వ్యక్తులు ఎక్కడున్నా వెంటనే మైకు దగ్గరికి రావలసిందిగా కోరుచున్నాము."

షాకిర్ ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. నేను ఆయన వెనకే ఉన్నాను.

కృపావరం బంతి చివర నుంచి చెయ్యి ఎత్తింది. "పెరుగు తిని వస్తానని చెప్పండి అమ్మాయి గారూ!"